మందిరం మైకు, పంచాయతీ కుర్చీ

ప్రశ్న: మాస్టారు గారికి వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక ఊరు. నా వయసు 36. తొమ్మిదేళ్లుగా డ్వాక్రా గ్రూపు లీడరుగా ఉన్నాను. ఊళ్లో అన్ని కులాల ఆడవాళ్లతోనూ నాకు రాకపోకలున్నాయి. ఈసారి మా సర్పంచ్ పదవి మహిళకు వస్తుందంటున్నారు. ఎస్సీకా, బీసీకా, జనరల్‌కా అన్నది ఇంకా తేలలేదు. నన్ను నిలబడమని గ్రూపు వాళ్లు పట్టుబడుతున్నారు. మాది బాప్టిస్టు సంఘం, పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. సంఘ పెద్దల్లో కొందరు "విశ్వాసికి ఈ లోకపు రాజకీయాలెందుకు, పాపం" అంటున్నారు. పాస్టరు గారేమో "నిలబడు తల్లీ, ఆదివారం ఆరాధనలో నేను చెప్తాను, మన 240 ఓట్లలో ఒక్కటీ బయటికి పోదు" అంటున్నారు. మా ఆయన భయం వేరు. నా కుల ధ్రువపత్రంలో హిందూ మాదిగ అని ఉంది, దాని మీద ఎవరైనా కోర్టుకెక్కుతారేమో అని. ఇంకో సంగతి. గెలిస్తే భూమిపూజకి కొబ్బరికాయ కొట్టమంటారు, పోలేరమ్మ తిరునాళ్ల దగ్గరుండి చేయించమంటారు. అప్పుడేం చేయాలి? మైనారిటీ వాళ్లం, మనకెందుకొచ్చిన గొడవ అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది. – ఒక సోదరి

సమాధానం:

అమ్మా, నిలబడండి. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతావి నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

పెద్దల అభ్యంతరం మీద ఎక్కువసేపు ఆగను. రాజకీయం పాపమైతే యోసేపు ఐగుప్తులో ధాన్యపు కొట్లు ఎందుకు చూసుకున్నాడు, దానియేలు పరాయి రాజు కొలువులో ఎందుకున్నాడు అని వాళ్లనే అడగండి. న్యాయాధిపతుల గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో యోతాము చెప్పిన చెట్ల కథ వాళ్లకు తెలియనిది కాదు. చెట్లన్నీ రాజు కావాలని బయలుదేరాయి. ఒలీవ చెట్టు నా నూనె పని నాకుంది అంది, అంజూరం నా పండ్ల పని నాకుంది అంది, ద్రాక్ష తీగా అంతే. చివరికి ముళ్లపొద ఒప్పుకుంది. మన ఊళ్లలో పదవులు ముళ్లపొదల చేతికి ఎలా పోయాయో వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు.

ఆ పెద్దల్నే ఇంకొకటి కూడా అడగండి. రేపు మనలో ఒకరు కన్నుమూస్తే సమాధుల తోటకి పెట్టె మోసుకెళ్లే దారి ఎవరి చేతిలో ఉంది? ఆ దారిలో ముళ్లకంప కొట్టించాల్సింది, వానాకాలంలో గ్రావెల్ పోయించాల్సింది, పక్క పొలం వాడు గట్టు జరుపుకుంటూ వస్తే కొలత వేయించమని తీర్మానం చేయాల్సింది పంచాయతీ. చనిపోయినవాళ్ల కోసం పంచాయతీ గుమ్మం ఎక్కుతున్నాం. బతికున్నవాళ్ల కోసం ఎక్కితే పాపమా?

పాస్టరు గారి సంగతి అంత తేలిక కాదు. ఆయన మీ మేలు కోరే అంటున్నారు. అందుకే కాదనడం కష్టం.

ఇక్కడ నా సొంత తప్పొకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, మా ఊరి ఎన్నికల ముందు ఆదివారం ప్రసంగం అయిపోయాక, కానుక పట్టకముందు, ఒక చీటీ చదివించారు. మన సంఘమంతా ఫలానా గుర్తుకే వేయాలని. ఆ చీటీ చదివింది నేనే. గొంతు బాగుంటుందని నాకిచ్చారు, నేనూ ఉత్సాహంగానే చదివాను. మా మనిషి నలభై చిల్లర ఓట్లతో గెలిచాడు. ఆ సాయంత్రం మందిరం ముందు టపాకాయలు కాల్చారు. ఆ శబ్దం ఊళ్లోకి వినపడింది. వాళ్లు దాన్ని ఎలా విన్నారో తెలుసుకోవడానికి మాకు ఐదేళ్లు పట్టింది. వార్డు సభ్యుల్లో ఎక్కువమంది అవతలివాళ్లు. ఆయన ఏ తీర్మానం పెట్టినా కోరం ఉండేది కాదు. మంచినీళ్ల పైపు ఊళ్లో చివరి వీధి దాకా వచ్చి మా దళితుల పల్లె మొదట్లో ఆగిపోయింది. మందిరం పక్క బడ్డీ కొట్టతను, మా మతం కాదు, రోజూ నాకు టీ ఇచ్చేవాడు, ఆ ఎన్నికల తర్వాత టీ ఇస్తూనే నాతో మాట్లాడటం మానేశాడు. అన్నిటికన్నా నన్ను కుంగదీసింది ఇంకొకటి. మా సంఘంలోనే ఆ గుర్తుకు వేయని నాలుగు కుటుంబాలు ఆదివారం రావడం మానుకున్నాయి. అందులో రెండు మళ్లీ రాలేదు. ఓట్లు లెక్కపెట్టుకున్న చోట వాళ్లు ప్రార్థనకు కూర్చోలేకపోయారు. వాళ్లది తప్పని ఎలా అనను?

చట్టం సంగతి మీరూ పాస్టరు గారూ ఇద్దరూ తెలుసుకోవాలి. మందిరం, మసీదు, గుడి ఏదైనా సరే, ఆ ఆవరణను రాజకీయ ప్రచారానికి వాడితే నిర్వాహకుల మీద కేసు పెట్టడానికి 1988లోనే మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం వచ్చింది. నేరం రుజువైతే ఐదేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. అంటే మైకు పట్టుకున్న పాస్టరు గారు ఇరుక్కుంటారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ మతం పేరుతో ఓటు అడగడాన్ని అవినీతి చర్య అంటుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతాన్ని పట్టుకుని అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4–3 తేడాతో చెప్పింది. అదే సెక్షన్‌లో మనవాళ్లు తరచూ మరిచిపోయే మాట ఇంకొకటుంది: ఫలానా వాళ్లకు వేయకపోతే దేవుడికి కోపం వస్తుందని ఓటరును భయపెట్టినా అవినీతి చర్యే. "మన బిడ్డకు వేయనివాడు దేవుని ఎదుట లెక్క చెప్పాలి" అని ప్రసంగం ఊపులో అనేస్తారు చూశారా, సరిగ్గా దాన్ని ఉద్దేశించే రాసినట్టుంటుంది. ఆ చట్టం శాసనసభకు, పార్లమెంటుకు సంబంధించింది, పంచాయతీకి వేరే చట్టం ఉంది. కానీ ఈ విషయంలో అదీ అదే దారి. గెలిచాక ఓడినవాళ్లు ఎన్నికల పిటిషన్ వేస్తే ఆదివారం ఆరాధనలో ఎవరో సెల్‌ఫోన్లో తీసిన వీడియో చాలు. ఇప్పుడు మందిరాల ఆరాధనలు యూట్యూబ్‌లో లైవ్ కూడా పోతున్నాయి కదా, సాక్ష్యం మనమే తయారుచేసి ఇచ్చినట్టు.

చట్టం లేకపోయినా నేను వద్దనేవాణ్ణి. మీది ఒంగోలు మిషను కిందికి వచ్చే సంఘం కాబట్టి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కథ చిన్నప్పటి నుంచి వినే ఉంటారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం. దానికి ముందు జరిగింది మాత్రం చెప్పుకోం. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు ఆయన కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ పని జరిగిన నెలల్లో బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్లను తిప్పి పంపాడు. కూలి కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని, వచ్చేవాళ్ల మనసులో కూడా ఆ తికమక ఉండకూడదని. గంజీ విశ్వాసమూ ఒకే చేత్తో పంచకూడదని ఆ మనిషికి తెలిసింది. మనం ఓటునూ వాక్యాన్నీ ఒకే చేత్తో పంచుతామంటున్నాం. పాస్టరు గారితో ఈ మాట మీరు అనలేకపోతే ఈ పేజీ చింపి ఆయనకివ్వండి.

అయితే పాస్టరు గారు మీకేమీ చేయకూడదా? చేయొచ్చు. ఆయనా ఓటరే, ఆయన ఓటు ఆయనిష్టం. ఇంటికొచ్చి మీకోసం ప్రార్థన చేయొచ్చు. అందరూ పోలింగుకు వెళ్లండి, డబ్బు తీసుకోకండి అని సంఘానికి చెప్పొచ్చు. అది ఏ అభ్యర్థి పేరూ లేకుండా చెప్పాలి. నిజానికి ఆ రెండో మాట చెప్తే చాలా పెద్ద సాయం. మన పల్లెల్లో ఓటుకు నోటు తీసుకోవడం మందిరం బయట పాపమనీ, లోపల "సంఘానికి కుర్చీలు" అయితే ఫర్వాలేదనీ ఒక వింత లెక్క ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, సౌండ్ బాక్సులు, ప్రహరీ గోడ – ప్రతి ఎన్నికలకూ ఏదో ఒకటి. మీరు అవి ఇవ్వకండి. అవతలివాళ్లు ఇస్తే తీసుకోవద్దని పాస్టరు గారిని అడగండి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: సంఘానికో సొసైటీకో విదేశీ కానుకలు వస్తుంటే ఆ ఖాతాలోంచి ఒక్క రూపాయి, ఆ డబ్బుతో కొన్న జీపు, ఆ మైకు సెట్టు ఏదీ మీ ప్రచారం దరిదాపులకు రాకూడదు. విదేశీ విరాళాల చట్టం అభ్యర్థులను పూర్తిగా నిషేధించింది. ఆ చట్టం ప్రకారం పంచాయతీ కూడా చట్టసభల లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు మీ ఆయన భయం. మీరు దాన్ని ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, నా లెక్కలో అసలు ప్రశ్న అదే. ఆయన్ని పిరికివాడనుకోకండి, మీ అందరికన్నా ముందు చూస్తున్నాడు.

మన పల్లెల్లో ఇది ఇంటింటి సంగతి. రికార్డులో ఒక పేరు, మందిరంలో ఒక పేరు. బడిలో సుబ్బమ్మ, ఆదివారం సువార్తమ్మ. ఎవరూ దీన్ని అబద్ధం అనుకోరు, అలా నడిచిపోయింది. ఎందుకు నడిచిందంటే, 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా హిందూ మతం పాటించేవాళ్లకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. అదే పల్లె, అదే చెప్పులు కుట్టే చెయ్యి, టీ కొట్లో అదే వేరే గ్లాసు, కానీ మందిరానికి పోతే కులం పోయిందని ప్రభుత్వం లెక్క. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు, తన పక్కనే కూర్చున్న హిందూ చర్మకారులకు ప్రభుత్వం బడ్డీలిచ్చి తనకివ్వలేదని సుప్రీంకోర్టు దాకా పోయాడు. సూసై కేసు అంటారు. 1985లో కోర్టు ఏమందంటే, మతం మారినా కులం ఉందని చూపితే చాలదు, కొత్త మతంలోనూ అదే తీవ్రతతో బాధలున్నాయని రుజువు చూపాలి అని. ఆ తీర్పు చదివినప్పుడల్లా నాకు అనిపించేది, రుజువు కావాలంటే ఆ రోడ్డు పక్కన అరగంట నిలబడితే సరిపోయేది.

మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు, వాళ్ల సంతానం బీసీ–సి, అంటే వెనుకబడిన కులాల్లో సి గ్రూపు, కిందికి వస్తారు. ఉద్యోగాల్లో, చదువుల్లో ఒక్క శాతం రిజర్వేషన్. 1977లో జీవో 341 ఇచ్చి చట్టంతో ముడిపడని రాయితీలు మనకూ వర్తింపజేశారు. మీ ఊళ్లో "మనకీ ఎస్సీకీ తేడా ఏముందిలే" అనే మాట చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. ఎన్నికల సీటు ఆ రాయితీల్లోది కాదు. పంచాయతీలో ఎస్సీ రిజర్వేషన్ రాజ్యాంగంలో 243–డి అధికరణం ఇచ్చింది. అక్కడ ఎస్సీ అంటే ఆ 1950 ఉత్తర్వులో ఎస్సీయే. రాష్ట్రం దాన్ని తన జీవోతో మార్చలేదు.

ఇక ఇటీవలి సంగతులు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసు ఒకదాంట్లో, బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. 2025లో మన హైకోర్టు, గుంటూరు ప్రాంతపు పాస్టరు ఒకాయన పెట్టిన అట్రాసిటీ కేసులో, క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు ఎస్సీ ఎస్టీ చట్టం కింద రక్షణ కోరలేరంది. ధ్రువపత్రం రద్దు కాలేదు కదా అన్న వాదన కూడా అక్కడ నిలబడలేదు. మీ ఊళ్లో మీ మీద ఓడిపోయినవాళ్లకు ఏ ప్లీడరైనా ముందు ఈ రెండు తీర్పులే చూపిస్తాడు. మీ బాప్తిస్మం సంఘపు రిజిస్టరులో ఉంది. క్వయర్లో పాడిన ఫోటోలు ఫేస్‌బుక్‌లో ఉండే ఉంటాయి. తప్పుడు కుల ధ్రువపత్రం మీద 1993 నాటి రాష్ట్ర చట్టం ఒకటుంది, పదవి పోవడంతో పాటు జైలు కూడా ఉంటుంది దాంట్లో.

అందుకని నా మాట ఇది. సీటు జనరల్ మహిళ అయితే ఏ పేచీ లేదు, నిలబడండి. బీసీ మహిళ అయితే, బీసీ–సి ధ్రువపత్రానికి ఇప్పుడే తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే అందదు. మీ పేరున అది చెల్లుతుందని నామినేషన్‌కు ముందే రిటర్నింగ్ అధికారిని అడిగి తేల్చుకోండి. దీనికో ఖరీదుంది, దాచను. మీ పిల్లల ధ్రువపత్రాల మీద కూడా ప్రశ్న వస్తుంది. ఆ లెక్క మీరూ మీ ఆయనా కూర్చుని చూసుకోవాల్సిందే, బయటినుంచి నేను తీర్పు చెప్పలేను. పిల్లల హాస్టలు సీటు కోసం నోరు మూసుకున్న తల్లిని నేను తప్పుపట్టను.

సీటు ఎస్సీ మహిళ అయితే మాత్రం వేయకండి. "అందరూ అలాగే వేస్తున్నారు" అంటారు. నిజమే, వేస్తున్నారు, గెలుస్తున్నారు, ఎవరూ అడగనంత కాలం నడుస్తుంది. కానీ మీరు రెండు చోట్ల సంతకం పెట్టాలి, నామినేషన్ కాగితం మీద ఒకటి, ప్రభువు బల్ల దగ్గర ఒకటి. ఆదివారం ఒప్పుకున్న దాన్ని సోమవారం రిటర్నింగ్ అధికారి ముందు కాదనాలి. యేసును ఎరుగనన్న పేతురు చేసిందీ అదే, ఆయనకు చలిమంట దగ్గర భయం వేసింది పాపం. మీకు అంత భయపెట్టే పనేమీ లేదు, కుర్చీ ఒక్కటే. పైగా మీరు ఆ సీట్లో కూర్చుంటే, మందిరానికి రాని మాదిగ అక్కచెల్లెలు ఒకామె హక్కు పోతుంది. అప్పుడు మీరు ఆమెను నిలబెట్టి గెలిపించండి. మీరు ఏదైనా జనరల్ లేదా బీసీ వార్డు నుంచి సభ్యురాలిగా రండి. ఉపసర్పంచ్ పదవి వార్డు సభ్యుల్లోంచే ఎన్నుకుంటారు, మరిచిపోకండి.

"మరి ఈ అన్యాయాన్ని ఊరుకోవాలా" అంటే, ఊరుకోవద్దు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కులహోదాను మతంతో ముడిపెట్టొద్దంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. అంతకుముందు 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఆ పోరాటం చేయాలంటే నేను క్రైస్తవురాలిని, నేను మాదిగను అని ఒకే గొంతుతో చెప్పేవాళ్లు కావాలి. కాగితం మీద హిందువుగా ఉన్న కొద్దీ ఆ గొంతు ఉండదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని తేలింది. ఏ మండలంలో తిరిగినా ఆ అంకె నమ్మబుద్ధి కాదు. లెక్కలో లేనివాళ్ల గురించి ఢిల్లీలో ఎవరు ఆలోచిస్తారు?

కొబ్బరికాయ ప్రశ్న నాకు నచ్చింది. పదవి గురించి కలలు కనేవాళ్లు ఈ ప్రశ్న అడగరు, పని గురించి ఆలోచించేవాళ్లే అడుగుతారు.

పోలేరమ్మ తిరునాళ్ల మీ ఊరిది. వీధి లైట్లు, బ్లీచింగు, మంచినీళ్ల ట్యాంకరు, రాత్రికి కరెంటు పోకుండా లైన్‌మన్‌ను పిలిపించడం, అవన్నీ సర్పంచ్ పనులు. దగ్గరుండి చేయించండి, మందిరం క్రిస్మస్‌కి ఎలా చేయిస్తారో అంతకన్నా ఒకపాలు ఎక్కువే చేయించండి. అందులో మీ విశ్వాసానికి వచ్చిన నష్టం ఒక్కటీ లేదు. పూజ చేయడం మాత్రం వేరు. భూమిపూజ రోజున, "ఈ పని మొదలెట్టేది ఊరందరి కోసం. కొబ్బరికాయ మన పెద్దమనిషి కొడతారు, గునపం నేను వేస్తాను" అని ముందే, నవ్వుతూ, నలుగురిలో చెప్పండి. అక్కడ ముఖం చిట్లించుకుని పక్కకు తిరగడం, తర్వాత మందిరంలో సాక్ష్యం చెప్తూ "నేను ఆ కొబ్బరికాయ ముట్టలేదు" అని గొప్పగా చెప్పుకోవడం, ఈ రెండూ వద్దు. చెప్పులు విప్పి గౌరవంగా నిలబడండి. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం వల్ల జాతీయగీతం పాడకుండా, గౌరవంగా లేచి నిలబడ్డారని బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు నిలబడటం చాలు, పాడమని బలవంతం చేయొద్దంది. జాతీయగీతానికే సరిపోయిన గౌరవం భూమిపూజకు సరిపోదా?

సిరియా సైన్యాధిపతి నయమాను గుర్తున్నాడా? రాజు తన చెయ్యి ఆనుకుని రిమ్మోను గుడిలో వంగితే నేనూ వంగాల్సి వస్తుంది, అప్పుడెలా అని ఎలీషాను అడిగాడు. ప్రవక్త పెద్ద ప్రసంగం చేయలేదు. నెమ్మదిగా, శాంతితో వెళ్లమన్నాడు, అంతే. మన సంఘాల్లో ఆ వచనం మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు.

ఇక "మైనారిటీ వాళ్లం, మనకెందుకు" అన్న మాట. మన పెద్దలు ఒకప్పుడు ఈ ప్రశ్నకు చాలా ఖరీదైన జవాబు చెప్పారు. ఆంగ్లేయుల కాలంలో భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలుండేవి, క్రైస్తవుల ఓట్లతోనే క్రైస్తవ సభ్యుడు గెలిచే పద్ధతి. డోర్నకల్ బిషప్ అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్, ఆ ఏర్పాటును గట్టిగా కాదన్నారు. సంఘం ఓట్ల మూట అవుతుందని ఆయన భయం. తర్వాత రాజ్యాంగ సభలో మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ, బెంగాలీ క్రైస్తవుడు. మత మైనారిటీలకు చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్ వద్దని 1949లో తీర్మానం పెట్టింది ఆయనే. ఇస్తామన్నదాన్ని వద్దనుకున్నారు. పొరుగువాడి ఓటు అడిగే గెలుస్తాం అన్నారు. అది తెలివైన పనా, అమాయకత్వమా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు. రోజులు చూస్తుంటే నాకూ అనుమానం వచ్చిన సందర్భాలున్నాయి. కానీ మీ ఊరి వరకు చూస్తే వాళ్లు చెప్పిందే లెక్క. 240 ఓట్లతో ఏ పంచాయతీ గెలవదు. ఆ 240 ఒక మూటగా కనపడిన రోజున, మిగతా ఊరు ఎదురుమూట కడుతుంది.

మీకు తొమ్మిదేళ్ల గ్రూపు పుస్తకాలున్నాయి. ఎవరి అప్పు ఎప్పుడు తీరిందో, ఎవరి కూతురి పెళ్లికి వాయిదా ఆపారో ఆ ఆడవాళ్లందరికీ తెలుసు. మీ ఓట్లు అక్కడున్నాయి. ప్రచారం పల్లెలోంచి మొదలెట్టకండి. పల్లె మీ ఇల్లే, చివరి రోజు వెళ్లినా తలుపు తీస్తారు. పోలేరమ్మ గుడి వీధిలో మొదటి గడప ఎక్కండి, అక్కడ మీ గ్రూపు సభ్యురాలు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఆమెను వెంటబెట్టుకుని. కరపత్రం మీద వచనం వేయకండి, సిలువ వేయకండి. డ్రైనేజీ, తాగునీరు, శ్మశానం – రెండు శ్మశానాలూ, వాళ్లదీ మనదీ – ఈ మూడూ రాస్తే చాలు.

మీ ఆయనకో మాట. గెలిస్తే సర్పంచ్ ఆవిడ, కుర్చీలో కూర్చోవాల్సిందీ చెక్కు మీద సంతకం పెట్టాల్సిందీ ఆవిడే. "సర్పంచ్ గారి భర్త" అని బండి మీద రాయించుకున్నవాళ్లను చాలామందిని చూశాను, మీరు ఆ పని చేయరని మీ భయాన్ని బట్టే అనుకుంటున్నాను.

ఈ వారంలో తహసీల్దారు ఆఫీసుకు వెళ్లిరండి. పాస్టరు గారితో మాట్లాడటం అంతకన్నా కష్టం, అది ముందు పెట్టుకోండి. ఆయన ఏమన్నారో, ధ్రువపత్రం సంగతి ఏం తేలిందో నాకు రాయండి. గుడి వీధిలో మొదటి తలుపు తీసింది ఎవరో కూడా రాయండి.